కొత్త లారీ డ్రైవరుకు మొదటి నెల నుంచే ఖాయమైన జీతం ఉండాలి

సంపాదకులకు నమస్కారాలు.

లారీలకు డ్రైవర్లు దొరకడం లేదన్న మాట రవాణా రంగంలో ఇప్పుడు ఎవరిని కదిలించినా వినిపిస్తోంది. విజయవాడ ఆటోనగర్‌లో, గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల, తాడిపత్రి గ్రానైట్ యూనిట్ల దగ్గర డ్రైవరు లేక తాళం వేసి నిలబెట్టిన బండ్లను యజమానులే చూపిస్తున్నారు. ఈ తరం కుర్రాళ్లకు కష్టపడే ఓపిక లేదని, నీడపట్టున కూర్చునే పనులే కావాలంటున్నారని వారిలో చాలామంది అభిప్రాయం. అది న్యాయమైన అభిప్రాయం కాదు. దూరప్రాంతాలకు వెళ్లే లారీ మీద కొత్తగా ఎక్కిన కుర్రాడికి మొదటి ఏడాది ఎంత ముడుతోందో, ఏ పద్ధతిలో ముడుతోందో చూస్తే అతను ఎందుకు దిగిపోతున్నాడో ఎవరికైనా అర్థమవుతుంది. ఆ సంగతి మీ పాఠకుల ముందు, ముఖ్యంగా రెండు తెలుగు రాష్ట్రాల కార్మిక శాఖల ముందు పెట్టాలని ఈ లేఖ రాస్తున్నాను.

నేను ఆటోనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో చాలా ఏళ్లు గుమాస్తాగా పనిచేశాను. బండి తిరిగి వచ్చాక డ్రైవరును ఎదురుగా కూర్చోబెట్టుకుని ట్రిప్పు లెక్క చూడటం నా పని. మన దగ్గర కొందరు యజమానులు నెల జీతం మీద రోజు బత్తా ఇస్తారు, కొందరు ట్రిప్పుకు ఇంత అని మాట్లాడుకుంటారు, ఇంకొందరు కిరాయిలో శాతం ఇస్తారు. పాత డ్రైవరు వీటిలో తనకు ఏది గిట్టుబాటో చూసుకుని బేరమాడగలడు. ఏ రూట్లో ఎన్ని రోజులు పడుతుందో, ఏ సరుకుకు ఏ ఊళ్లో అన్‌లోడింగ్ ఆలస్యమవుతుందో అతనికి తెలుసు. పైగా అతను వద్దంటే పక్క ఆఫీసువాళ్లు పిలుచుకుంటారు. కొత్తవాడికి ఆ అనుభవమూ లేదు, ఆ గిరాకీ లేదు. అందువల్ల ఆలస్యమైతే నష్టమంతా డ్రైవరు మీద పడే ట్రిప్పు పద్ధతే సాధారణంగా అతని వాటాకు వస్తుంది. అది కూడా పాత డ్రైవరుకు ఇచ్చే రేటు కాదు, చెయ్యి తిరిగేదాకా అని చెప్పి కొంత తగ్గించిన రేటు. ఆ గడువు ఏ నెలతో ముగుస్తుందో ఎక్కడా రాసి ఉండదు, అడిగితే చూద్దాంలే అంటారు.

విజయవాడ నుంచి కోల్‌కతా 16వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 1,200 కిలోమీటర్లు. ఉదాహరణ కోసం ఈ ట్రిప్పుకు రానూపోనూ కలిపి కొత్త డ్రైవరుకు 7,000 రూపాయలని అనుకుందాం. అన్నీ కలిసివచ్చి పది రోజుల్లో బండి తిరిగి వస్తే రోజుకు 700 రూపాయలు పడతాయి, నెలకు మూడు ట్రిప్పులు, 21,000 రూపాయలు. కుర్రాడిని పనిలోకి పిలిచేటప్పుడు అందరూ చెప్పే లెక్క ఇదే. కానీ అన్‌లోడింగ్ దగ్గర రెండు రోజులు, తిరుగు లోడు కోసం మూడు రోజులు ఆగాల్సి వస్తే అదే ట్రిప్పుకు పదిహేను రోజులవుతుంది. అప్పుడు రోజుకు 467 రూపాయలు, నెలకు 14,000. దసరా పూజల సెలవులో, తుపానో, సరుకు కొన్నవాడి గోడౌన్‌లో ఖాళీ లేకపోవడమో తోడైతే ఇరవై రోజులు పడుతుంది, రోజుకు 350కి దిగుతుంది. నడిపిన దూరం మాత్రం ఒకటే. ఆగిన రోజులు అతనికి సెలవు రోజులూ కావు. డీజిల్ ట్యాంకుకు, బ్యాటరీకి, స్టెపినీ టైరుకు, బండి మీద ఉన్న లక్షల రూపాయల సరుకుకు రాత్రీ పగలూ అతనే కాపలా. బండి వదిలి వెళ్లి ఏదైనా పోతే దాని ఖరీదు కూడా అతనే కట్టాలి.

సరుకుతో పాటు ఉండే ఈ-వే బిల్లుకు ప్రభుత్వం 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఇస్తుంది. ఆ లెక్కన కోల్‌కతా ఒక వైపు ప్రయాణానికి ఆరు రోజులు. దారిలో ఆలస్యాలు తప్పవని గుర్తించే పన్నుల శాఖ సరుకు కాగితానికి ఆ వెసులుబాటు ఇచ్చింది. ఆ కాగితాన్ని మోసుకుపోయే మనిషి జీతం మాట్లాడేటప్పుడు మాత్రం బండి ఎక్కడా ఆగదన్నట్టు లెక్క వేస్తారు.

ఇక బత్తా విషయం. రోడ్డు మీద రెండు పూటలా భోజనానికి, టీకి, స్నానానికి, ఫోను రీచార్జికి ఖర్చయిపోయే డబ్బు అది. దాన్ని కూడా జీతంలో కలిపి నెలకు ఇంత వస్తుందని చెప్పడం మన దగ్గర మామూలైపోయింది. ట్రిప్పు డబ్బులోనే తిండి ఖర్చూ పెట్టుకోమనే యజమానులూ ఉన్నారు. అలాంటి చోట పైన చెప్పిన 350 రూపాయల్లోంచి ఢాబా ఖర్చు తీసేస్తే ఊళ్లో ఉన్న తల్లికో, భార్యకో పంపడానికి ఏం మిగులుతుందో మీరే లెక్క వేయండి. అదే రోజుకు సొంత ఊళ్లో తాపీ పనికి వెళ్లినా అంతకన్నా ఎక్కువ వస్తుంది, రాత్రికి ఇంట్లో పడుకోవచ్చు.

ఆ ఆగే రోజులకు కారణం డ్రైవరు కాదు. సిమెంటు ఫ్యాక్టరీ గేటు బయట బండ్ల వరుస, రేవులో నౌక రాకపోవడం, బ్రోకరు తిరుగు లోడుకు రేటు కుదరక వేచి ఉండమనడం, ఇవన్నీ ఇతరుల నిర్ణయాలు. కైకలూరు, ఆకివీడు ప్రాంతాల నుంచి ఐసు వేసి హౌరాకు పంపే చేపల లోడును చూడండి. ఐసు కరిగితే సరుకు పోతుంది గనుక అక్కడ ఇద్దరు డ్రైవర్లను పెడతారు, ఎక్కడ ఉన్నావంటూ గంట గంటకూ ఫోను చేస్తారు, దింపుకునేవాళ్లు సిద్ధంగా ఉంటారు. అదే బండి ఖాళీ అయ్యి తిరుగు లోడు కోసం నాలుగు రోజులు నిలబడితే ఒక్క ఫోనూ రాదు. సరుకు పాడయ్యేచోట ప్రతి గంటకూ వెల కట్టడం మనకు తెలుసు. మనిషి రోజులు పోయేచోట కూడా అదే శ్రద్ధ పెట్టమని అడగడం అత్యాశ కాదు. బండి ఆగిన రోజులకు సరుకుదారు హాల్టింగ్ చార్జీ ఇచ్చిన సందర్భాల్లో కూడా ఆ డబ్బు కిరాయి ఖాతాలో పడుతుంది. అందులో డ్రైవరుకు ఎంత ఇవ్వాలన్నది యజమాని మంచితనానికే వదిలేశారు.

లెక్క చూసే రోజు జరిగేది కూడా చెప్పాలి. ట్రిప్పు షీటులో ఎడమవైపు డ్రైవరుకు ఇచ్చిన అడ్వాన్సు, పోయించిన డీజిల్ రాస్తాం. కుడివైపు అతను చెప్పే ఖర్చులు: కాటా, సరుకు మీద టార్పాలిన్ పట్టా కట్టిన కూలి, గాలి, పంక్చరు, హమాలీల మామూలు, పార్కింగ్. టోలు ఫాస్టాగ్‌లో పోతుంది గనుక ఇప్పుడు ఆ తగాదా లేదు. దారిలో రసీదు లేకుండా చేతులు మారే డబ్బుకు రోడ్డు ఖర్చు అని ఒకే మాట రాస్తాం. పాత డ్రైవరు చెప్పిన అంకెను చాలావరకు అలాగే వేస్తారు. కొత్తవాడు చెబితే ఎవరికి ఇచ్చావు, ఎందుకు ఇచ్చావు, బేరమాడటం రాదా అని అందులో కొంత కొట్టేస్తారు. నిజానికి చెక్‌పోస్టులోనైనా, లోడింగ్ దగ్గరైనా కొత్త మొహం కనబడితేనే ఎక్కువ గుంజుతారు. కొట్టేసిన డబ్బు అతని జేబులోంచి పోయినట్టే. తర్వాత మైలేజీ. లీటరుకు ఇన్ని కిలోమీటర్లు రావాలని యజమాని ముందే ఒక అంకె పెట్టుకుంటాడు. ఘాట్ రోడ్డు మీద, నిండు లోడుతో, గేర్లు ఇంకా అలవాటు కాని చేతికి ఆ మైలేజీ రాదు, తగ్గిన డీజిల్ ఖరీదు లెక్కలో కోతపడుతుంది. ఆ తర్వాత సరుకు తగ్గితే షార్టేజీ, పాడైతే డ్యామేజీ పేరుతో కోత.

జగ్గయ్యపేట వైపు నుంచి ఒడిశాకు సిమెంటు తీసుకెళ్లిన ఒక కుర్రాడి లెక్క నాకు బాగా గుర్తుంది. ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. బండి పట్టాకు రెండు చోట్ల చిరుగు ఉందని బయలుదేరే ముందే ఆఫీసులో చెప్పాడు, ఈ ట్రిప్పుకు సర్దుకో, వచ్చాక మారుద్దామన్నారు. బరంపురం దాటాక వాన పట్టుకుంది. దారిలో ఆగి, దొరికిన ప్లాస్టిక్ కాగితం చిరుగుల కింద దోపి, తాడు మళ్లీ బిగించుకున్నా నీళ్లు దిగి పై వరుసలో కొన్ని బస్తాలు గడ్డకట్టాయి. అక్కడి డీలరు వాటిని దించుకోకుండా డెలివరీ కాగితం మీద ఆ సంగతి రాసి సంతకం పెట్టాడు. ఆ బస్తాల ఖరీదు మొత్తం కుర్రాడి పేరున పడింది. ట్రిప్పు డబ్బంతా దానికే సరిపోయి, పైన ఇంకొంత బాకీ తేలింది. సంతకం పెట్టే ముందు, పట్టా చిరిగిందని తాను ముందే చెప్పిన విషయం కూడా షీటులో రాయమని అతను అడిగాడు. డ్రైవరు చెప్పేది రాయడానికి ఆ షీటులో గడే లేదు. తర్వాతి ట్రిప్పుతో బాకీ తీర్చేసి పని మానేశాడు. హైదరాబాదులో ఒక స్కూలు బస్సు నడుపుతున్నాడని ఆ మధ్య తెలిసింది. ఆ కుర్రాడు మొదటి ట్రిప్పులోనే వానలో బండెక్కి పట్టా సర్దినవాడు. అతన్ని కష్టపడే ఓపిక లేనివాడని ఎవరూ అనలేరు. అటువంటివాడిని ఈ రంగం చేజేతులా పోగొట్టుకుంది.

వెనుకటికి ఈ పని నేర్చుకునే దారి ఒకటి ఉండేది. కుర్రాడు క్లీనరుగా ఎక్కేవాడు. అద్దాలు తుడవడం, టైర్లను కొట్టి చప్పుడును బట్టి గాలి చూడటం, వెనక్కి తీసేటప్పుడు కిందకు దిగి రానీ రానీ అని చెప్పడం, పట్టా పరిచి తాడు ముడి వేయడం, ఇవన్నీ చేస్తూ రూట్లు తెలుసుకునేవాడు. కొన్నాళ్లకు రాత్రిపూట రోడ్డు ఖాళీగా ఉన్నచోట గురువు పక్కన కూర్చుని స్టీరింగ్ అప్పగించేవాడు. ఆ పద్ధతిలో తిట్లూ దెబ్బలూ ఉండేవి, చిన్న పిల్లలను పనిలో పెట్టుకోవడం ఉండేది, జీతం పేరుకే ఉండేది. ఆ రోజులు మళ్లీ రావాలని నేను కోరడం లేదు. అయితే కొత్తవాడు ఒంటరిగా ఉండేవాడు కాదు, డ్రైవరుగా మారే నాటికి అతనికి పని వచ్చి ఉండేది.

ఇప్పుడు చాలా బండ్ల మీద క్లీనరే లేడు. ఖర్చు తగ్గించుకోవడానికి యజమానులు క్లీనరును తీసేశారు, అతను చేసిన పనంతా డ్రైవరు మీద పడింది. బ్యాక్ తీసేటప్పుడు వెనక చూసే మనిషి లేడు, రాత్రి ఆగిన చోట ఒకరు పడుకుంటే ఇంకొకరు మేలుకునే వీలు లేదు. క్లీనరు జీతం, బత్తా మిగిలాయి గానీ నేను చూసిన లెక్కల్లో ఆ మిగులు డ్రైవరు వైపు వచ్చింది లేదు. మరోవైపు చట్టప్రకారం రవాణా వాహనం నడపాలంటే ఇరవై ఏళ్లు నిండాలి, దానికి లెర్నర్ లైసెన్సు తీసుకోవడానికే ముందు కనీసం ఏడాది పాటు తేలికపాటి వాహనం లైసెన్సు ఉండాలి. ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న నిబంధనను 2019లో తీసేశారు, అది చాలామంది పేద కుర్రాళ్లకు మేలు చేసింది. అయినా డ్రైవింగ్ స్కూలు ఫీజు, లైసెన్సు ఖర్చు కలిపితే ఒక కూలీ కుటుంబానికి చిన్న మొత్తం కాదు. అంత ఖర్చుపెట్టి లైసెన్సు చేతికి వచ్చినా అతను నేర్చుకున్నది మైదానంలో ఖాళీ బండి తిప్పడమే. దర్శిలోనూ సిరిసిల్లలోనూ ఉన్న డ్రైవింగ్ శిక్షణ సంస్థల వంటివి ఇంకా రావాలి. కానీ నిండు లోడుతో పన్నెండు చక్రాల బండిని ఘాటు దించడం ఎంత మంచి సంస్థలో చదివినవాడైనా అనుభవం ఉన్న డ్రైవరు పక్కన కూర్చునే నేర్చుకోవాలి. ఆ నేర్చుకునే ట్రిప్పులకు ఇప్పుడు జీతం లేదు. తిండి పెడతాం, పని వచ్చాక చూద్దాం అంటారు. అప్పు చేసి లైసెన్సు తెచ్చుకున్న కుర్రాడు వడ్డీ కట్టుకుంటూ జీతం లేకుండా ఎన్ని నెలలు ఉండగలడు?

ఇదంతా చట్టం లేకపోవడం వల్ల జరుగుతోందని చాలామంది అనుకుంటారు. చట్టాలున్నాయి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని అని చెప్పింది. దూరపు రూట్లలో అధికారి అనుమతితో రోజుకు 10 గంటలు, వారానికి 54 గంటల వరకు పోవచ్చని, అలా 8 గంటలు దాటి చేసిన పనికి రెట్టింపు వేతనం ఇవ్వాలని చెప్పింది. అయితే అది అయిదుగురు లేదా అంతకన్నా ఎక్కువ మంది రవాణా కార్మికులున్న సంస్థలకే వర్తించేది. మన దగ్గర లారీల్లో పెద్ద భాగం ఒకటి రెండు బండ్లున్న యజమానులవే గనుక చాలామంది డ్రైవర్లు ఆ చట్టం పరిధిలోకే రాలేదు. ఆ చట్టాన్ని తనలో కలుపుకున్న 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో ఆ సంఖ్యను 10 చేశారు. అంటే రక్షణ అవసరమైనవాళ్లు ఇంకా ఎక్కువ మంది బయటికి పోయారు. ఇది సరిదిద్దాల్సిన విషయం.

వేతనాల సంగతి అలా కాదు. 1948 నాటి కనీస వేతనాల చట్టానికి ఎంతమంది పనివాళ్లున్నారన్న షరతు లేదు, ఒక్క బండి, ఒక్క డ్రైవరు ఉన్నచోట కూడా అది వర్తించేది. ప్రజా మోటారు రవాణా ఆ చట్టం షెడ్యూలులోనే, అంటే అది వర్తించే పనుల జాబితాలోనే ఉండేది. అందులోని రెండు సెక్షన్లు లారీ డ్రైవర్ల కోసమే రాశారా అన్నంతగా అతికినట్టు సరిపోతాయి. 15వ సెక్షన్ ప్రకారం యజమాని పని చూపించలేక పనివాడు పూర్తి రోజు పని చేయలేకపోతే కూడా పూర్తి రోజు వేతనం ఇవ్వాల్సి ఉండేది. 17వ సెక్షన్ ప్రకారం పీసు రేటు మీద, అంటే చేసిన పనిని బట్టి డబ్బు తీసుకునేవాడికి రోజు లెక్కన కనీస రేటు నిర్ణయించి ఉంటే అంతకు తగ్గకుండా ముట్టాల్సి ఉండేది. ట్రిప్పు రేటు కూడా పీసు రేటే కదా! తిరుగు లోడు కోసం నిలబెట్టిన రోజు యజమాని పని చూపించలేకపోయిన రోజే కదా! 2019 నాటి వేతనాల కోడ్‌లోనూ ఈ రెండు రక్షణలూ కొనసాగాయి. ఆ కోడ్ సహా పాత కార్మిక చట్టాల స్థానంలో తెచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లూ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. నష్టం పేరుతో కోత వేయాలంటే అది ఆ పనివాడి నిర్లక్ష్యం వల్లనే నేరుగా జరిగి ఉండాలని, అతని వాదన చెప్పుకొనే అవకాశం ఇచ్చిన తర్వాతే కోయాలని, అన్ని కోతలూ కలిపి జీతంలో సగం దాటకూడదని కూడా వేతనాల కోడ్ చెబుతోంది. ఈ మాట ఆ సిమెంటు లోడు కుర్రాడికి తెలియదు. ఆ రోజు ఆ గదిలో ఉన్న ఎవరికీ తెలియదు. నేను ఉద్యోగం మానేశాక తీరుబడిగా చదువుకున్నప్పుడే తెలుసుకున్నాను.

యజమానుల ఇబ్బందులు నాకు తెలియనివి కావు. ఫైనాన్సు వాయిదా, ఇన్సూరెన్సు, టైర్లు, రోడ్డు పన్ను, కిరాయిలో అధిక భాగాన్ని మింగేసే డీజిల్, ఇవి పోను మిగిలేదాన్ని చూసి నిద్రపట్టని చిన్న యజమానులు నాకు చాలామంది తెలుసు. వారిలో ఎక్కువ మంది ఒకప్పుడు డ్రైవర్లే. టన్నుకు ఎంత కిరాయి అన్నది వారి చేతిలో లేదు, సరుకు పంపే కంపెనీలు, మధ్యలో బ్రోకర్లు నిర్ణయిస్తారు. 2018లో కేంద్రం యాక్సిల్ (ఇరుసు) బరువు పరిమితులు పెంచినప్పుడు మూడు యాక్సిళ్ల లారీ మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెరిగింది. ఉన్న బండ్లే ఎక్కువ సరుకు మోయడంతో కిరాయి మీద ఒత్తిడి వచ్చిందని యజమానులు అన్నారు, అందులో నిజం ఉంది. అయితే ఆ అదనపు మూడున్నర టన్నులను ఘాటు ఎక్కించి దించిన డ్రైవరుకు ఆ పేరున రేటు పెరిగిన దాఖలా నా లెక్కల పుస్తకాల్లో లేదు. పోటీలో కిరాయి తగ్గించుకోవాల్సి వచ్చిన ప్రతిసారీ యజమాని డీజిల్ ధర తగ్గించలేడు, వాయిదా తగ్గించలేడు, టోలు తగ్గించలేడు. తగ్గించడానికి అతని చేతిలో ఉన్నది డ్రైవరు డబ్బు ఒక్కటే. అందుకే ఆ ఒక్కదాన్నీ చట్టం పట్టి ఉంచాలి. కనీస వేతనం అందరికీ ఒకటే అయినప్పుడు డ్రైవరుకు సరిగ్గా జీతమిచ్చే యజమాని, ఎగ్గొట్టే యజమానితో పోటీపడి నష్టపోయే అవస్థ ఉండదు, ఆ ఖర్చు కిరాయిలో కలిసి చివరకు సరుకు పంపేవాడి మీద పడుతుంది. అది పడాల్సిన చోటు అదే.

డ్రైవరు ఉద్యోగానికి మర్యాదైన తొలి జీతం అంటే ఎంతో తెలుసుకోవడానికి దూరం వెళ్లక్కర్లేదు. 2025లో తెలంగాణ ఆర్టీసీలో 1,000 డ్రైవరు పోస్టులకు నోటిఫికేషన్ వచ్చినప్పుడు ప్రకటించిన వేతన స్కేలు 20,960 రూపాయలతో మొదలవుతుంది, దాని మీద ఇతర భత్యాలు. నెలలో ఎన్ని సర్వీసులు రద్దయ్యాయన్నదాన్ని బట్టి ఆ మూల వేతనం మారదు. బస్సు డ్రైవరు బాధ్యత తక్కువని నేననను, ప్రయాణికుల ప్రాణాలు అతని చేతిలో ఉంటాయి. లారీ డ్రైవరు ఇంటికి వందల కిలోమీటర్ల దూరంలో వారాల తరబడి గడుపుతాడన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలని అంటున్నాను. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు హెవీ లైసెన్సు ఉన్న ఎందరో కుర్రాళ్లు గల్ఫ్‌లో ట్రైలర్ నడపడానికి వెళ్లాలని చూస్తారు. అక్కడి ఎండలూ కష్టాలూ వారికి తెలియనివి కావు. నెల తిరిగేసరికి ఇంత అని చెప్పగలిగే జీతం కోసం వెళుతున్నారు.

తొలి జీతం తక్కువైతే నష్టం ఆ కుర్రాడితోనే ఆగిపోదు. ట్రిప్పు మీద బతికేవాడికి నిద్రపోయిన ప్రతి గంటా నష్టంగానే కనిపిస్తుంది. విజయవాడ సహా పది రవాణా కేంద్రాల్లో రోడ్డు భద్రత కోసం పనిచేసే సేవ్‌లైఫ్ ఫౌండేషన్ జరిపి 2020లో వెల్లడించిన అధ్యయనంలో సుమారు సగం మంది ట్రక్కు డ్రైవర్లు అలసిపోయి ఉన్నా, నిద్ర వస్తున్నా బండి నడుపుతున్నామని ఒప్పుకున్నారు. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. భారతీయ న్యాయ సంహితలో ప్రమాదంలో మనిషి చనిపోతే ఆ సంగతి అధికారులకు చెప్పకుండా పారిపోయిన డ్రైవరుకు పదేళ్ల దాకా జైలు అన్న నిబంధనపై 2024 జనవరి మొదట్లో డ్రైవర్లు బండ్లు ఆపేస్తే, ఆ సంహిత అదే ఏడాది జూలై 1న అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఒక్క నిబంధనను పక్కన పెట్టారు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. వేడికి డ్రైవరు అలసిపోతాడని గుర్తించడం మంచిదే, దాన్ని నేను మనసారా స్వాగతిస్తున్నాను. శిక్ష గురించి, క్యాబిన్ గురించి ఇంత ఆలోచించిన ప్రభుత్వాలు అతన్ని పద్నాలుగు గంటలు ఆపకుండా నడిపిస్తున్న జీతం పద్ధతి జోలికి ఇంకా రాలేదు. అందులోనూ కొత్త డ్రైవరుకు విశ్రాంతి అందరికన్నా ఎక్కువ అవసరం, ఆగే స్తోమత అందరికన్నా తక్కువ.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలను నేను కోరేది పెద్ద పథకమేమీ కాదు. కొత్త కోడ్ కింద వేతన రేట్లు నిర్ణయించేటప్పుడు దూరప్రాంత సరుకు రవాణా డ్రైవరుకు విడిగా ఒక నెల రేటు ప్రకటించాలి. ట్రిప్పు, శాతం, కిలోమీటరు, ఏ పద్ధతిలో ఇచ్చినా నెలాఖరుకు ఆ రేటుకు తగ్గకూడదని, బండి ఆగిన రోజులు కూడా పని రోజులేనని, బత్తా ఆ రేటులో కలవదని ఉత్తర్వులోనే రాయాలి. అనుభవం ఉన్న డ్రైవరు పక్కన కూర్చుని నేర్చుకునే కాలానికి ఒక గరిష్ఠ గడువు పెట్టి, ఆ రోజుల్లోనూ కనీస వేతనం ఇప్పించాలి. చిన్న యజమానికి అది భారమైతే ఆ కొద్ది నెలల ఖర్చులో కొంత నైపుణ్య శిక్షణ నిధుల నుంచి ఇవ్వడం ప్రభుత్వానికి అసాధ్యం కాదు. ఖరీదైన బండిని కొత్త చేతికి అప్పగించడానికి యజమాని భయపడటం సహజమే. ఆ భయాన్ని తగ్గించడానికి శిక్షణ కావాలి, దాని ఖర్చు శిక్షణ పొందేవాడి ఆకలి నుంచి రాబట్టకూడదు.

యజమానుల సంఘాలు ప్రభుత్వం కోసం ఎదురుచూడకుండానే చేయగల పని ఒకటుంది. ప్రతి కొత్త డ్రైవరుకు నెలకు ఎంత, రోజు బత్తా ఎంత, హాల్టింగ్‌కు ఎంత, ఏ నష్టానికి ఎప్పుడు కోత పడుతుంది అన్నది తెలుగులో ఒక పేజీ మీద రాసి ఇరువైపులా సంతకం చేసి ఇవ్వడం. ట్రిప్పు షీటులో డ్రైవరు చెప్పేది రాయడానికి ఒక గడి పెట్టడం. బయలుదేరే ముందు పట్టా, టైర్లు, బ్రేకులు ఎలా ఉన్నాయో అందులో రాసుకుంటే తిరిగి వచ్చాక సగం తగాదాలు ఉండవు. ఇది యజమానికీ మేలే. డ్రైవరు లేక ఒక బండి వారం రోజులు నిలబడితే పోయే కిరాయి ముందు కొత్త డ్రైవరుకు అదనంగా ఇచ్చే డబ్బు ఎంత అన్నది వారే లెక్క చూసుకోవచ్చు.

ఆరు నెలలకోసారి కరువు భత్యం సవరించి కార్మిక శాఖ ఇచ్చే రేట్ల పట్టిక ఇప్పుడు ఆఫీసు ఫైళ్లలోనూ వెబ్‌సైట్లలోనూ ఉండిపోతోంది, దాన్ని లారీ ఆఫీసులో నేను ఎప్పుడూ చూడలేదు. తర్వాతి సవరణ వచ్చినప్పుడు డ్రైవరు రేటు, హాల్టింగ్ రోజుల నిబంధన, కోతల పరిమితి ఈ మూడింటినీ పెద్ద అక్షరాలతో తెలుగులో, హిందీలో అచ్చువేసి, ఆటోనగర్‌లోని ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల దగ్గర, హెవీ లైసెన్సు ఇచ్చే రవాణా శాఖ కార్యాలయాల దగ్గర, సిమెంటు ఫ్యాక్టరీల లోడింగ్ గేట్ల దగ్గర అంటించాలని, ఫిర్యాదు చేయడానికి అధికారి ఫోను నంబరు కూడా దాని కింద వేయాలని రెండు రాష్ట్రాల కార్మిక శాఖ కమిషనర్లను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
లారీ ఆఫీసులో లెక్కలు రాసిన ఒక విశ్రాంత గుమాస్తా,
విజయవాడ